పడుకునే ముందు పొయ్యి వంక ఒక్క చూపు

మదీనాలో ఒక రాత్రి ఓ ఇల్లు, ఇంటివారు లోపల ఉండగానే తగలబడిపోయింది. ఆ సంగతి తెలిసినప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (స), నిప్పు మనిషికి శత్రువని, పడుకోబోయే ముందు దాన్ని ఆర్పివేయాలని బోధించారు. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. ఎలుక దీపపు వత్తిని లాక్కుపోయి ఇంటిని తగలబెట్టవచ్చునన్న హెచ్చరిక కూడా అదే గ్రంథంలో ఉంది. ఈనాడు మన ఇళ్లలో వత్తి దీపాలు లేవు. కానీ నిప్పు ఉంది, ఎలుకా ఉంది. వత్తికి బదులు గ్యాస్ గొట్టం ఉంది.

ఒక రంజాన్ మాసంలో మేము రేపల్లెలో బంధువుల ఇంట బస చేశాము. సహరీకి లేచి వంటగదిలో లైటు వేయబోతుంటే వెనక నుంచి ఖాలా కేక వేసింది. "ఆగు బేటా, స్విచ్ ముట్టుకోకు! వాసన రావడం లేదూ?" చీకట్లోనే తడుముకుంటూ తలుపులు, కిటికీలు బార్లా తెరిచాము, రెగ్యులేటర్ కట్టేశాము. తెల్లవారాక చూస్తే గొట్టం మీద ఎలుక పళ్ల గాట్లు! రాత్రి పొయ్యి నాబ్ తిప్పారు గాని రెగ్యులేటర్ ఆపలేదు. పక్క గదిలో నలుగురు పిల్లలు నిద్రపోతున్నారు. ఆ రోజు ఖర్జూరాలు, మంచినీళ్లతోనే సహరీ ముగించాము.

స్విచ్ వేస్తే ఏమవుతుంది? వంటగ్యాస్ గాలి కంటే దాదాపు రెట్టింపు బరువు. లీకయితే పైకి పోదు, నేల మీద నీళ్లలా పరుచుకుంటుంది. బండలోని ద్రవం ఒక వంతు బయటికొస్తే సుమారు 250 వంతుల గ్యాస్ అవుతుంది. గదిలోని గాలిలో అది నూటికి రెండు వంతులు కలిస్తే చాలు, స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటుంది. ఫ్రిజ్ తనంతట తాను ఆగి మళ్లీ మొదలయ్యేటప్పుడు కూడా అలాంటి రవ్వ పుట్టవచ్చు. అందుకే వంటగదిలో ఫ్రిజ్ పెట్టకపోవడం మంచిది.

2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో జరిగింది గుర్తు చేసుకుందాం. అది మన రేపల్లె పక్కనున్న నగరం కాదు, కోనసీమలోని నగరం. అక్కడ గ్యాస్ పైపులైను లీకై, ఊరి మీద గ్యాస్ పరుచుకుని ఒక్కసారిగా అంటుకుంది. 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి. టీ దుకాణంలో పొయ్యి వెలిగించడమే కారణమని అప్పట్లో పత్రికలు రాశాయి. అది పెద్ద పైపులైను, మనది 14.2 కిలోల బండ. అయినా కంటికి కనిపించని గ్యాస్‌కు ఒక్క నిప్పురవ్వ చాలునన్నది రెండుచోట్లా ఒకటే.

మన ప్రాంతాల్లో ఎవరి జాగ్రత్త వారికుంది. రేపల్లె వైపు వరిపొలాల ఎలుకలు ఇళ్లలోకి చేరతాయి గనుక గొట్టాన్ని వారం వారం తడిమి చూడాలి. బాపట్లలో ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది. బండ అడుగు, పొయ్యి బర్నర్లు గమనించాలి. తెనాలి ఇరుకు సందుల్లోని ఇళ్లలో కిటికీ మూసి వంట చేయరాదు.

బండ ఇంటికి రాగానే తెచ్చిన మనిషి ముందే మూత తీయించి సబ్బు నురగ పూయండి. బుడగ లేస్తే లీకున్నట్టే, అగ్గిపుల్లతో మాత్రం పరీక్షించరాదు. బండ పైభాగంలో ఎ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి, పక్కన సంవత్సరం ఉంటాయి. మూడేసి నెలలకు ఒక్కో అక్షరం. సి-27 అంటే 2027 సెప్టెంబరు వరకే గడువు. గడువు దాటిన బండ తీసుకోకండి. ఐ.ఎస్.ఐ. గుర్తున్న సురక్షా గొట్టాన్ని అయిదేళ్లకొకసారి మార్చండి. బండ నిలువుగానే ఉండాలి, పొయ్యి దానికంటే ఎత్తున ఉండాలి.

వాసన వస్తే స్విచ్ వేయరాదు, ఆపనూరాదు. రెగ్యులేటర్ కట్టి, తలుపులు తెరిచి, పిల్లల్ని బయటికి పంపి, బయటి నుంచే 1906కు ఫోన్ చేయండి. ఆ నంబరు 24 గంటలూ పనిచేస్తుంది. మంట లేస్తే 101కు చెప్పండి. ఒళ్లు కాలితే 20 నిమిషాలు చల్లని నీళ్లు ధారగా పోయండి. సిరా, టూత్‌పేస్టు పూయకండి. 108ని పిలవండి.

"వంటగది ఆడవాళ్ల సంగతి, మనకెందుకు?" అనే మగవారికి ఒక మాట. బండ మోసుకొచ్చేది మనం, ప్రమాదం జరిగితే ముందు కాలేది వారి దుపట్టా. ఇంటివారి ప్రాణాలు మన దగ్గరున్న అమానతు. ఒంటెను కట్టి, ఆ తర్వాత అల్లాహ్ మీద భారం వేయమని ప్రవక్త (స) ఒక వ్యక్తికి బోధించినట్లు తిర్మిజీలో ఉంది. రెగ్యులేటర్ కట్టకుండా తవక్కుల్ అనుకోవడం ఒంటెను విడిచిపెట్టడమే.

ఈ రాత్రి ఇషా నమాజు చేసి వచ్చాక, పక్క మీద వాలే ముందు, ఇంట్లో ఎవరో ఒకరు వంటగదిలోకి వెళ్లి రెగ్యులేటర్ కట్టి ఉందో లేదో చూడండి. అల్లాహ్ మనందరి ఇళ్లనూ చల్లగా కాపాడుగాక. ఆమీన్!