కోలాటంలో కోపుల పేర్లు: ఆదోని ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన

కోల, ఆట అనే రెండు మాటలు కలిసి ఏర్పడిన ‘కోలాటం’ తన సాధనాన్ని పేరులోనే చెబుతుంది. కాకతీయుల కాలంలో జాయపసేనాని నృత్తరత్నావళిలో వర్ణించిన ‘దండరాసకం’ కూడా అటువంటి పేరే. ఆట లోపలికి వెళ్లేకొద్దీ పేరు పెట్టే పద్ధతి మారుతుంది. ఆటగాళ్లు ఒకే వలయంలో నిలిస్తే ఏక కోలాటం, లోపల ఒకటి, వెలుపల ఒకటిగా రెండు వలయాలు కడితే జంట కోలాటం. ఎదురు నిలిచి కోల కలిపే జతగాడు ‘ఉద్ది’. అడుగు, మలుపు, కోల దెబ్బ కలిసిన ఒక్కొక్క గతి ‘కోపు’.

వీటన్నిటిలో విశిష్టమైనది జడ కోలాటం. పైనుంచి వేలాడే తాళ్ల కొసలను ఆటగాళ్లు ఒక చేత పట్టుకుంటారు. సగం మంది ఒక దిక్కుగా, మిగిలిన సగం ఎదురు దిక్కుగా కదులుతూ, ఎదురైన ఒకరికి లోపలివైపుగా, తర్వాతివారికి వెలుపలివైపుగా సాగుతారు. తాళ్లు జడగా అల్లుకుంటాయి. అదే వరుసను తిరగవేస్తే జడ విడిపోతుంది. ఒక్కరు తప్పినా ముడి పడుతుంది గనుక జడ విప్పడమే అసలు పరీక్ష. ఐరోపాలో ఇటువంటి ఆటకు మధ్యనున్న స్తంభాన్ని బట్టి ‘మేపోల్’ అని పేరు. తెలుగువారు స్తంభాన్ని వదిలి అల్లికను చూశారు. కన్నడిగులదీ అదే చూపు: వారిది ‘జడె కోలాట’. 1953 వరకు బళ్లారి జిల్లాలో భాగమైన ఆదోని తాలూకాలోనూ, కన్నడ భక్తులు తరలివచ్చే మంత్రాలయంలోనూ ఈ రెండు పేర్లకు అనువాదం అవసరం లేదు.

అమెరికాలోని కాంట్రా నృత్యంలో పేరే ఆజ్ఞ. పిలిచేవాడు ‘దోసిదో’ అంటాడు. ఫ్రెంచిలో ‘వీపుకు వీపు’ అనే అర్థమున్న మాటకది రూపాంతరం. వినగానే జతలు ఒకరి చుట్టూ ఒకరు తిరుగుతాయి. కోలాటంలో సాధారణంగా పంతులు ఈలతోనో, పాట నడక మార్పుతోనో కోపు మారుస్తాడు. పేరుతో పని ప్రధానంగా నేర్పేటప్పుడే. ప్రదర్శనను ఎంత శ్రద్ధగా చిత్రీకరించినా పేర్లు అందులో వినిపించకపోవడానికి కారణమిదే. పంతులు లేకుండా దృశ్యం మాత్రమే మిగిలితే కోపు పేరు పోతుంది. పేర్ల పట్టిక మాత్రమే మిగిలితే కోపే పోతుంది. అందువల్ల సేకర్తలు ప్రతి పేరు పక్కన తొలి నిలకడ, ఉద్ది స్థానం, తిరిగే దిక్కు, దెబ్బల లెక్క నమోదు చేయాలి. జడ కోలాటానికైతే విప్పే వరుసను కూడా వేరుగా రాసుకోవాలి.