మోటారు ఊరికే కాలదు!

మూసాపేటలో మా అపార్ట్‌మెంట్ బోరు 1000 అడుగులు. ఒకే ఎండాకాలంలో రెండుసార్లు మోటారు కాలింది. మొదటిసారి వైండింగ్ చేయించి మళ్లీ దించేశాం. రెండోసారి బయటికి తీశాక మెకానిక్ ఇంపెల్లర్లు నా చేతిలో పెట్టాడు. అంచులు రేకుల్లా అరిగిపోయాయి. "ఇసుక సార్. మోటారును తిట్టి ఏం లాభం?" అన్నాడు.

మన నగరం కింద ఉన్నది గ్రానైట్. నీళ్లుండేది రాతి పగుళ్లలో. వేసవిలో పై పగుళ్లు ఎండితే బోరు కాసేపటికే ఖాళీ. ఆ తర్వాత పంపు ఉత్తినే తిరుగుతుంది. సబ్‌మెర్సిబుల్‌లో మోటారు కింద, పంపు పైన ఉంటాయి. పైకెళ్లే నీళ్లు ఒరుసుకుంటూ పోతేనే మోటారు చల్లబడేది. నీళ్లాగితే వైండింగ్ మాడుతుంది, బురదలో కూరుకున్నా అంతే.

"ఇంకో 200 అడుగులు దింపితే పోలా?" అన్నారు కమిటీలో ఒకాయన. లోతు పెరిగితే హార్స్‌పవర్ పెరగాలి, కరెంటు బిల్లూ పెరుగుతుంది. ఆ మాట అక్కడే ఆగింది.

బోరు ఫ్లషింగ్ చేయించాం. మోటారును అడుక్కి 30 అడుగుల పైనే ఆపాం. స్టార్టర్ ప్యానెల్‌లో డ్రై రన్ రిలే పెట్టించాం. నీళ్లు తగ్గితే మోటారు లాగే ఆంపియర్లు పడిపోతాయి, అది కనిపెట్టి కరెంటు ఆపేస్తుంది. గంట నడిపి, రెండు గంటలు ఆపడం వాచ్‌మన్ పని.

మొన్నటి వేసవి గడిచింది. మోటారు ఇంకా లోపలే ఉంది.