పాత ఇంటి రేకులు – మరమ్మతుకు ముందు

బస్తర్ ప్రాంతపు బైలదిల్లాలో 1968 నుండి ఇనుప ఖనిజం తవ్వుతున్న మన సంస్థ కుటుంబాలకు ధూళి పట్ల జాగ్రత్త కొత్త కాదు. పాత ఇంటి మరమ్మతు వేళ కూడ దానిని మరువరాదు.

పాత సిమెంటు రేకులలో సాధారణంగా ఆస్బెస్టాస్ అనే ఖనిజపు నార ఉంటుంది. రేకు చెక్కుచెదరనంత వరకు ప్రమాదం స్వల్పం. కోసినా, పగులగొట్టినా కంటికి కానరాని నార ఊపిరితిత్తులలో చేరుతుంది. తత్ఫలితంగా వచ్చే క్యాన్సర్ 20 నుండి 40 ఏండ్లకు గాని బయటపడకపోవచ్చు. నేడు ఆ దుమ్ములో ఆడుకొనే బిడ్డ నడివయసులో దానికి బలి కావచ్చును.

కావున బాగున్న రేకును కదపవద్దు. తొలగించక తప్పనిచో సివిల్ విభాగాన్ని సంప్రదించి, అనుభవజ్ఞులైన పనివారిచే రేకును తడిపించి, విరుగకుండా మరలు విప్పించి దింపించండి. పిల్లలను దూరంగా ఉంచండి. ముక్కలను పొడిగా ఊడ్వరాదు. తడిపి, మందపాటి ప్లాస్టిక్ పట్టాలో చుట్టాలి. ముక్కుకు కట్టిన తువ్వాలు ఈ నారను ఆపజాలదని గుర్తుంచుకొనండి.