మొండితనమా, బెదురా?

నా చిన్ననాట మా ఊరి రైలుస్టేషను ముందర, చింతచెట్టు నీడను, నాలుగైదు జట్కాలు నిలిచియుండెడివి. ఒకనాటి మధ్యాహ్నము రైలు దిగిన ప్రయాణికుడొకడు ఎండకోర్వలేక గొడుగు విప్పగా, ఆ నల్లని వస్తువు తటాలున తన కంటిప్రక్కనే విచ్చుకొనుట చూచి, ఒక జట్కాగుఱ్ఱము నాలుగడుగులు వెనుకకు జరిగి, బండిచక్రమును చెట్టుమొదటికి తాకించి, ఎంత అదలించినను కదలక నిలిచిపోయెను. బండివాడు కుఱ్ఱవాడు, పదిమంది చూచుచుండగా తన మాట సాగలేదను రోషము వానికి. చబుకుతో కొట్టినప్పుడెల్ల దాని చర్మము అలవలె వణకుచుండెనే కాని కాలు మాత్రము లేవలేదు. అంతలో ప్రక్కబండి తోలు ముసలి సాయెబు దిగివచ్చి, వాని మణికట్టు పట్టుకొని, "కొట్టమాకురా అబ్బీ! అది మొండికెయ్యలేదు, బెదిరింది" అనెను. పిమ్మట ఆ ప్రయాణికుని గొడుగును అడిగి తీసికొని, ముడిచి, గుఱ్ఱము మూతికడ పట్టెను. అది బుసకొట్టి, ముక్కుపుటములు పెద్దవిచేసి వాసనచూచి, పెదవితో ఒక్కసారి తాకెను. సగము విప్పి మరల చూపెను. పూర్తిగా విప్పి మెడమీద ఆనించెను. ఒక తాంబూలము నములునంత సేపటికి ఆ గుఱ్ఱము ఆ గొడుగు నీడలోనే బండి లాగుకొని పోయెను.

ఆ వృద్ధుడు చేసిన ఈ పనినే, ఆతనికి ఒక తరమో రెండు తరములో ముందు, లండను నగరమందలి ప్రభువులును దొరసానులును తలకు పది గినీల చొప్పున చెల్లించి, రహస్యము బయటపెట్టబోమని మాట యిచ్చి మరీ నేర్చుకొనిరని నాకు చాలకాలమునకు గాని తెలియలేదు. నేర్పినవాడు జాన్ సాలొమన్ రేరీ. 1827లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున గ్రోవ్‌పోర్ట్ అను పల్లెలో పుట్టి, బాల్యమునుండి గుఱ్ఱములే లోకముగా పెరిగి, అడవిగుఱ్ఱములను మచ్చిక చేయు విద్యపై 1856లో ఒక చిన్న పుస్తకము వ్రాసి, ఆ మీదట ఇంగ్లండునకు పోయి, 1858 ఆరంభమున విండ్సరులో విక్టోరియా రాణి సమక్షమున తన నేర్పు చూపినవాడు. అశ్వశిక్షకులనుగూర్చి లోకమున నేటికిని నడచుచున్న వాదములన్నియు ఈ యొక్కని జీవితములో ఇంచుమించు సంపూర్ణముగా కనబడుచున్నవి. కావుననే ఆతని కథను కొంత విస్తరించి చెప్పుచున్నాను.

రేరీకి అఖండఖ్యాతి తెచ్చినది క్రూయిజర్ అను మగగుఱ్ఱము. డార్చెస్టరు ప్రభువు సొత్తైన ఆ జాతిగుఱ్ఱము ఒకప్పుడు పందెములలో పేరుపొందినదే. పిదప దగ్గరకు వచ్చినవారినెల్ల కఱవ దూకుచు, ఎవరికిని లొంగక, ఇటుకగోడల కొట్టములో ఒంటరిగా, మూతికి బరువైన ఇనుపచిక్కముతో దినములు గడపుచుండెను. దానికి మేత వేయుటయే సాహసకృత్యము. రేరీ ఆ కొట్టములో ప్రవేశించిన మూడు గంటలకు గుఱ్ఱము ఆతని చేతికి లొంగెను. ఆతడు దానిపై స్వారిచేసెను. కొలది దినములలో లండనులో జనసమూహము నడుమ నిలిపి చూపెను. లండను జంతుశాలలోని చారలగుఱ్ఱమును సయితము మచ్చిక చేసెను. ఆ యేడు ఇంగ్లండులో ఆతని మాట యెత్తని ఇల్లు లేదన్నను అతిశయోక్తి కాదు.

ఆ రహస్యమేమి? రెండు తోలుపట్టీలు. మొదటి పట్టీతో గుఱ్ఱము ఎడమ ముంగాలిని మడిచి, గిట్ట మోచేతికి ఇంచుమించు తాకునట్లు బిగింతురు. గుఱ్ఱము మూడు కాళ్లపై నిలుచును. తన్నలేదు, పరుగెత్తలేదు, తన బలమేమైనదో తనకే బోధపడదు. రెండవ పట్టీని కుడి ముంగాలికి తగిలించి, పొట్టచుట్టు కట్టిన పటకాలోనుండి తీసి, శిక్షకుడు చేతపట్టుకొనును. గుఱ్ఱము అడుగెత్తిన క్షణమున లాగగా ఆ కాలును మడతపడి, అది మోకాళ్లపై నిలుచును. అక్కడినుండి కొంతసేపు పెనుగులాడి, చెమటలు క్రమ్మి, రొప్పి, కడపట ఒక ప్రక్కకు ఒరిగి పండుకొనును. పట్టీలు విప్పినను వెంటనే లేవదు. రేరీ అప్పుడు దాని మెడ నిమురును, కాళ్లు ఒక్కొక్కటిగా తడవును, గిట్టలను చేత పట్టును, ప్రక్కన కూర్చుండును. దానికి భయము పుట్టించు డోలును మ్రోగించును, గొడుగును విప్పును. ఏదియు తనకు బాధ కలిగింపలేదని గుఱ్ఱము గ్రహించువఱకు ఈ పని ఓర్పుతో సాగును.

ఈ క్రియకు వెనుక ఆతడు చెప్పిన సిద్ధాంతము చక్కనిది. గుఱ్ఱము తనకు పూర్తిగా అర్థమైన ఆజ్ఞను, అది తన స్వభావమునకు విరుద్ధము కానంతవఱకు, ఎదిరింపదనియు, తన బలమెంతో దానికి అనుభవమువలన తప్ప తెలియదనియు, ఎంత భయంకరమైన వస్తువునైనను, నొప్పి కలిగింపక, దాని పరీక్షకు అవకాశమిచ్చి చూపినచో అది వెఱపు మానుననియు ఆతడు వ్రాసెను. కోపమును భయమును మంచి రౌతు దరిజేరనీయరాదని కూడ బోధించెను. ఇది జీవశాస్త్రమునకు సరిపోవు మాట. గుఱ్ఱము వేటాడు జంతువు కాదు, వేటాడబడు జంతువు. దాని కన్నులు తలకిరుప్రక్కల నుండి ఇంచుమించు 350 డిగ్రీల మేర లోకమును కనిపెట్టియుండును. నొసటికి సూటిగా ముందును, తోకకు సూటిగా వెనుకను కొంచెము చోటు మాత్రము దానికి కానరాదు. అట్టి జంతువునకు కంటిప్రక్కను హఠాత్తుగా విచ్చుకొన్న గొడుగు గొడుగు కాదు, పైకి దూకుచున్న మృగము. మనము పొగరనియు మొండియనియు పేరుపెట్టునది పెక్కుమార్లు బెదురే. సాయెబు ఒక్క వాక్యములో చెప్పినది ఇదే.

ఇక ఆక్షేపణలు. మొదటిది, ఈ విద్య రేరీ సొంతము కాదని. డెంటన్ ఆఫట్ అను మరియొక అమెరికా శిక్షకుడు, ఇది తనవద్ద నేర్చినదే యని వాదించెను. (ఈ ఆఫట్ అంగడిలోనే అబ్రహాం లింకను యౌవనమున గుమాస్తాగా పనిచేసెను.) అంతకుముందే, పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున, ఐర్లండులో సలివన్ అనువాడు కఱకు గుఱ్ఱముతో ఒంటరిగా కొట్టములో తలుపు మూసికొని, కొంతసేపటికి దానిని గొఱ్ఱెపిల్లవలె చేసి వెలికి తెచ్చెడివాడు, చెవిలో మంత్రమేదో ఊదునని జనులు నమ్మిరి, రహస్యము ఆతనితోనే పోయినది. రేరీ రహస్యము మాత్రము అట్లు దాగలేదు. ఆతడు అమెరికాలో అచ్చువేసిన చిన్న పుస్తకమునే లండను ప్రకాశకులు చౌకధరకు మరల అచ్చువేయగా, పది గినీలిచ్చినవారు నొచ్చుకొనిరి. రేరీ వారిని ప్రమాణబంధమునుండి విడుదల చేయవలసివచ్చెను. మూలపురుషుడెవడను తగవు నాకు పెద్దదిగా తోచదు. విద్య చేతినుండి చేతికి ప్రాకునది. గుఱ్ఱమునకు గురుపరంపరతో పని లేదు.

రెండవ ఆక్షేపణ బరువైనది. కాళ్లు కట్టి, అలసటతో కూల్చి, లొంగదీసినది మచ్చిక యెట్లగునని నాడే కొందరు ప్రశ్నించిరి. నేడు ఆ ప్రశ్న మరింత పదునెక్కినది. తప్పించుకొను ఉపాయము లేని బాధకు పదేపదే గురియైన జంతువు, పిదప దారి తెఱచియున్నను ప్రయత్నింపక పడియుండునని 1967లో మనశ్శాస్త్రజ్ఞులు కుక్కలపై చేసిన పరిశోధనలలో కనుగొని, దానికి 'అభ్యస్త నిస్సహాయత' యని పేరిడిరి. పట్టీలు విప్పినను లేవక పండుకొన్న గుఱ్ఱము కన్ను నిశ్చలముగా నుండుట నమ్మకమువలననా, నిరాశవలననా? పరుగే ప్రాణరక్షణమైన జంతువు నేలపై పడుట మృత్యుముఖమున పడుటయే గదా! 1998లో వచ్చిన 'ది హార్స్ విస్పరర్' అను హాలీవుడ్ చిత్రములో, గాయపడి మనుష్యులపై విశ్వాసము కోల్పోయిన గుఱ్ఱమును శిక్షకుడు కాలుకట్టి పండబెట్టు ఘట్టము చూచి కంటతడిపెట్టినవారును గలరు, ముఖము త్రిప్పుకొన్నవారును గలరు. నూటనలువది యేండ్ల తరువాత గూడ రేరీ పట్టీపై తీర్పు ఏకగ్రీవము కాలేదు.

నా తీర్పు చెప్పవలసివచ్చినచో, రేరీని క్రూరుడనలేను. ఆతని కాలమున గుఱ్ఱమును లొంగదీయుటయనగా చబుకు, ఇనుపకళ్లెము, ఆకలి. వానిని విడువుడని ప్రభువుల ముఖముననే చెప్పినవాడాతడు. క్రూయిజర్‌ను బహుమానమువలె ఊరేగించి విడిచివేయక, తనతో ఒహాయోకు తీసికొనిపోయి, తన పొలమున పెంచెను. ఐనను ఆతని ప్రదర్శనలలో ఒక లోపము కలదు. అది మూడు గంటలను లెక్కలోనే యున్నది. మూడు గంటలు జనులు కోరిన గడియారము, గుఱ్ఱము కోరినది కాదు. టిక్కెట్టు కొని కూర్చున్నవారికి ఫలితము ఆ సాయంకాలమే చూపవలెను. చూపుటకు వీలైనది పట్టీ. వారికి కానరానిది ఆ పట్టీ విప్పిన తరువాత మెడమీద గంటలకొలది నెమ్మదిగా తిరుగాడిన చేయి. పట్టీ బిగించుట ఒక్క పాఠములో పట్టుబడును. ఆ చేయి ఎన్ని గినీలిచ్చినను ఒక్క పాఠములో రాదు. పాఠము విన్న వందలమందిలో ఎందరు తమ గుఱ్ఱపుశాలలకు పోయి పట్టీని మాత్రమే బిగించిరో ఊహించిన నాకు మనస్సు కలతపడుచున్నది.

మన భారతమున నకులుడు విరటుని కొలువులో అశ్వపాలకుడై యున్నకాలమున ధరించిన పేరు దామగ్రంథి. దామమనగా త్రాడు, గ్రంథియనగా ముడి. అశ్వశాస్త్రకర్తగా ప్రసిద్ధికెక్కినవాని మాఱుపేరులో త్రాడును ముడియు ఉండుట యాదృచ్ఛికము కాదని నాకు తోచును. గుఱ్ఱమున్నచోట త్రాడు లేక తీఱదు. ఐతే నకులునివద్ద ఆ త్రాడు గుఱ్ఱమును కనిపెట్టియుండు నిత్యసేవలో ఒక భాగము. మేత వేయువాడును, జబ్బు చేసినపుడు మందు పోయువాడును, ముడి వేయువాడును ఒక్కడే. ఊరూర తిరుగుచు ప్రదర్శనలిచ్చు శిక్షకునికి ఆ భాగ్యము లేదు. ఆతడు మచ్చిక చేసిన గుఱ్ఱము మఱునాడు మఱియొకరి చేతిలో నుండును. కావున శిక్షకుని పేరుప్రతిష్ఠలు విని గుఱ్ఱమును అప్పగింపబోవువారు ప్రదర్శనకు గాక, ఆతని సొంత కొట్టమునకు తెల్లవారుజామున పోయి చూడవలెనని నా మనవి. ఆతడు తలుపు తీయగనే గుఱ్ఱము చెవులు ముందుకు నిక్కినవా, వెనుకకు అంటుకొన్నవా? కంటి తెల్లభాగము కనబడుచున్నదా? ఆతడు మెడమీద చేయివేయగా చర్మము వణకెనా, దవడ సడలి నమలుట మొదలిడెనా? ఈ సాక్ష్యము ముందర వార్తాపత్రికల పొగడ్తలును, పోటీదారుల నిందలును వెలవెలబోవును.

రేరీ 1866లో, నలువది యేండ్లు నిండకయే, మరణించెను. క్రూయిజర్ ఆతని తరువాత తొమ్మిదేండ్లు జీవించి, ఆ పల్లెలోనే 1875లో గతించెను. గ్రోవ్‌పోర్ట్ ఉన్నత పాఠశాల పిల్లలు నేటికిని మైదానమున దిగునపుడు వారి జట్టును పిలుచునది ఆ గుఱ్ఱము పేరుతోనే, క్రూయిజర్లని.