విమానం దిగే నేలలో కూలోడి లెక్కెక్కడ?

దుత్తలూరు, ఉదయగిరి మెట్టలో వాన మొహం చాటేస్తే కూలి జనం దిగువకు పోతుంది. కావలి వైపు, పెన్న కింది కయ్యల వైపు నాట్లకూ కోతలకూ మూటాముల్లె కట్టుకుంటుంది. ఆ దిగువనే, దగదర్తిలో విమానాశ్రయానికి 2019లో శంకుస్థాపన చేశారు. తర్వాత పని ఆగింది. మళ్ళీ ఆ మాట కదిలింది.

‘విమానమెక్కే మొహాలా మనవి? మనకేంది దాంతో?’ అని నవ్వేసి ఊరుకుంటే పొరపాటు. విమానం ఎక్కనోడి బతుకే ముందు దాని కిందికి పోతుంది. విశాఖ సంగతి చూడండి.

విశాఖ రన్‌వే నౌకాదళానిది. 1991లో ఆ స్థావరానికి ఐ.ఎన్.ఎస్. డేగా అని పేరు పెట్టారు. దశాబ్దాల తరబడి పౌర విమానాలూ అక్కడే దిగుతూ వచ్చాయి. దిగమనేదీ లేవమనేదీ నౌకాదళం వారే. వారి శిక్షణ వేళల్లో పౌర విమానాలకు కట్టుబాట్లుండేవి. ఒకే ఇంట్లో రెండు కాపురాలన్న మాట! ఇల్లు ఇరుకైంది, వేరు కాపురం కావాలన్నారు. సరే, ఆ కొత్త ఇల్లు ఎవరి చేలో కట్టాలి? 45 కిలోమీటర్ల అవతల, భోగాపురం పల్లెల్లో!

2015లో ప్రభుత్వం మొదట 15 వేల ఎకరాల మాట ఎత్తింది. జీడిమామిడి, కొబ్బరి, సరుగుడు తోటలున్న పల్లెలు ఎదురు తిరిగాయి. ధర్నాలు చేశాయి, కోర్టుకెక్కాయి. తర్వాత జి.ఎం.ఆర్. కంపెనీకి మొదట అప్పగించింది సుమారు 2,200 ఎకరాలు. 15 వేలెక్కడ, 2,200 ఎక్కడ! మొదటి లెక్క అవసరాన్ని బట్టి వేసింది కాదని దీంతోనే తేలిపోయింది. అయినా మరడపాలెం, ముడసర్లపేట వంటి ఊళ్లు ఇళ్లు వదిలి కొత్త కాలనీలకు పోక తప్పలేదు.

పట్టా ఉన్న రైతుకు ఎకరానికి ఇంతని పరిహారం వస్తుంది. అది చాలదని ఆయన పోట్లాడతాడు, న్యాయమే. మరి ఆ తోటలో గింజలు ఏరిన ఆడకూలి సంగతేంది? కౌలుకు దున్నినోడి సంగతేంది? ఏ పట్టాలోనూ వాళ్ల పేరుండదు.

కానీ చట్టంలో ఉంది! 2013 భూసేకరణ చట్టం ప్రకారం, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ నేల మీదే ప్రధానంగా బతుకుతున్న కూలీ, కౌలుదారు కూడా బాధిత కుటుంబమే. ఉద్యోగం, లేదా 5 లక్షల రూపాయలు, లేదా 20 ఏళ్లపాటు నెలకు కనీసం 2 వేలు ఇవ్వాలని రాసుంది.

ఒక చేత్తో రాసింది ఇంకో చేత్తో చెరిపేస్తున్నారు. ఎవరి బతుకు పోతుందో ముందే విచారించి, ఊళ్లో సభ పెట్టి తేల్చేదే సామాజిక ప్రభావ అంచనా. రాష్ట్రం 2018లో సవరణ తెచ్చి, రక్షణ పనులతో పాటు అనేక మౌలిక వసతుల పనులకూ ఆ అంచనా అక్కర్లేకుండా చేసుకుంది. కౌలు కార్డు కావాలంటే 2019 చట్టం ప్రకారం భూయజమాని ఒప్పుకోవాలి. ఎంతమంది ఒప్పుకుంటారో మన ఊళ్లలో అందరికీ తెలుసు.

ఇక సైన్యమూ పౌరులూ కలిసి వాడే విమానాశ్రయమైతే చిక్కు ఇంకా ఎక్కువ. దేశ రక్షణ అనగానే నోరు మూసుకోమంటారు. దేశ రక్షణకు కూలోడు అడ్డం కాదు. సైన్యంలో ఉన్నది వాడి బిడ్డలే. వాడు అడిగేది ఒక్కటే: ఏ ఎకరం సైన్యానికి, ఏ ఎకరం కంపెనీ హోటళ్లకూ దుకాణాలకూ? ఆ లెక్క గ్రామసభలో చదివి వినిపించండి!

కనుక మన సంఘాలు సర్వేయరు గొలుసు పట్టుకొచ్చేదాకా ఆగకూడదు. దగదర్తి చుట్టూ ఏ చేలో ఎవరు కూలి చేస్తున్నారో, ఎవరు కౌలు చేస్తున్నారో, ఏ బీట్లో ఎవరి గొర్రెలు మేస్తున్నాయో ఇప్పుడే పేరుపేరునా రాయాలి. మెట్ట నుంచి ఏటా దిగిపోయే మన జనం పేర్లూ అందులో ఎక్కాలి. గ్రామసభలో చదివి, నకలు తహసీల్దారుకిచ్చి రసీదు తీసుకోవాలి.

భూమి ఉన్నోడి పేరు సర్కారు రాస్తుంది. లేనోడి పేరు మనమే రాయాలి.