వార్తల్లో పదం: స్పోర్ట్స్ టాక్ రేడియో

పాటలు లేకుండా రోజంతా ఆటల మీద మాటలే వినిపించే స్టేషన్ ఇది. 1987 జులై 1న న్యూయార్క్‌లో డబ్ల్యూఎఫ్ఏఎన్ ఈ బాట వేసింది. కారులో గంటలకొద్దీ గడిపే శ్రోతలు, ఏడాది పొడవునా ఆడే ఊరి జట్లు ఉన్నచోటే ఇది నిలదొక్కుకుంటుంది.

మరి ఇలాంటి స్టేషన్ హైదరాబాద్‌లో నడుస్తుందా? ఇక్కడి పాతబస్తీలో ఆటల ముచ్చటకు కరవు లేదు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిచిన సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు ఈ ఊరిదే. దాని కోచ్ ఎస్.ఎ. రహీం 1962 ఆసియా క్రీడల్లో దేశానికి స్వర్ణం తెచ్చిపెట్టారు. కానీ ఆ ముచ్చట ఇరానీ హోటల్ బల్ల దగ్గరే, దక్కనీ ఉర్దూలో సాగుతుంది. మూసీ దాటితే తెలుగు. ఒక్క స్టేషన్ ఎవరి భాషలో మాట్లాడాలి?

నిబంధనలూ అడ్డే. 2011 నాటి ఎఫ్ఎం మూడో దశ విధానం ఆటల సమాచారాన్ని అనుమతించినా, ప్రైవేటు స్టేషన్లకు ప్రత్యక్ష వ్యాఖ్యానాన్ని స్థానిక పోటీల వరకే ఒప్పుకుంది. మ్యాచ్ లేని మాట చప్పగా ఉంటుంది. ప్రకటనలు సినిమా పాట వెంటే పోతాయి. రహీం శిష్యుల కథలు వారానికి ఒక్క గంట వినిపించినా, నేను మాత్రం రేడియో కట్టేయను.