దంతవైద్యుని వేళ తప్పినచో జరిమానా

పంటిపోటు పడినవారికి దానిని వర్ణించి చెప్పనక్కఱలేదు. పడనివారికి చెప్పినను తెలియదు. కడచిన యేడు మార్చి నెలలో నా కుడిదవడ వెనుకపన్ను రెండు రాత్రులు నన్ను కన్ను మూయనీయలేదు. లవంగము నొక్కిపట్టితిని, ఉప్పునీరు పుక్కిలించితిని, మా అత్తగారు చెప్పగా జామాకు నమిలితిని. మూడవనాటి యుదయమునకు చెంప బూరెవలె పొంగెను. మావారు చూచి, "ఇక నీ వైద్యము కట్టిపెట్టు" అని విజయవాడలోని యొక దంతవైద్యశాలకు ఫోను చేసి వేళ కుదిర్చిరి. మా కంచికచర్లనుండి అచ్చటికి బస్సులో ఇంచుమించు గంటసేపటి ప్రయాణము.

వైద్యులు చూచి, పిప్పి పంటినరము వఱకు పోయినదనియు, రూట్ కెనాల్ చేయవలసియున్నదనియు, మూడుమాఱులు రావలెననియు చెప్పిరి. ఆనాడే పంటిని తొలిచి, చెడిన నరమును తీసి, మందు పెట్టి, పైన తాత్కాలికముగా సిమెంటు పూసిరి. నొప్పి చేతితో తీసివేసినట్లు పోయెను. వచ్చు శనివారము పదకొండు గంటలకు రమ్మని వేళ వ్రాసియిచ్చి, బయానాగా అయిదువందల రూపాయలు పుచ్చుకొనిరి. బల్లమీద ఆంగ్లమున అచ్చువేసిన కాగితమొకటి యుండెను. మావారు దానిమీద సంతకము చేసిరి. చదివి చేసిరో లేదో నేనడుగలేదు. నా నోరు అప్పటికి మొద్దుబారియుండెను.

ఆ శనివారము మావారు పదవతరగతి పరీక్షల పనిమీద వెడలిన పావుగంటకు మా అత్తగారు కళ్లు తిరిగి పెరటిలో కూలబడిరి. ఆమెను ఆటోలో ఈ ఊరి వైద్యునియొద్దకు తీసికొనిపోయి, రక్తపుపోటు చూపించి, మందు పుచ్చుకొని, ఇంటికి తెచ్చి పడుకోబెట్టునప్పటికి పదిన్నర దాటెను. ఇక విజయవాడ మాట యెక్కడిది? రాలేనని చెప్పుదమన్న వైద్యశాల నంబరు మావారి ఫోనులోనే కలదు. పరీక్షగదిలోనికి ఉపాధ్యాయులు ఫోను తీసికొనిపోరాదు. వైద్యశాలవారు మూడుమాఱులు పిలిచిరట. ఆ ఫోను బడిలో బీరువాలో మ్రోగుచుండెను.

సోమవారము మావారు విచారింపగా, వేళకు రానందున బయానా చెల్లిపోయినదనియు, మరల రావలెనన్న మఱి అయిదువందలు కట్టవలెననియు బదులు వచ్చెను. అత్తగారి సంగతి చెప్పినను వినలేదు. అయిదువందలనగా మా యింట వారము దినముల పాలు. నాకు ఒళ్లు మండెను. నొప్పి లేదు గదా, ఆ మెట్లు మరల ఎక్కనని భీష్మించుకొని కూర్చుంటిని. నొప్పి లేకుండుటకు కారణము పన్ను బాగుపడుట కాదు, నరము తీసివేయుటయే యని అప్పుడు నాకు తోచలేదు. నరము తీసిన పన్ను ఎండుకొమ్మవంటిది. లోపల పూడ్చి పైన క్యాపు తొడుగకున్నచో నమలుటలో చీలిపోవును. పైపూత సిమెంటు కొన్ని వారములకన్న నిలిచెడిది కాదు. జ్యేష్ఠమాసములో నొకనాటి సాయంకాలము బియ్యపుచెక్క కొఱుకగా నోటిలో టప్పుమని శబ్దమయ్యెను. ఈమాఱు నందిగామలో చూపించితిమి. పన్ను వేరువఱకు చీలినది, తీయుట తప్ప గతిలేదనిరి. తీసిరి.

అయిదువందలకై అలిగి పన్ను పోగొట్టుకొన్నదానను గనుక, ఈ సంగతి వ్రాయుటకు నాకు కొంత అధికారము కలదనుకొందును.

మొదట నాకు కనబడినది వైద్యుల లోభమే. కాని నందిగామలో బెంచీమీద కూర్చున్న రెండున్నర గంటలలో వేఱొక ఆలోచన వచ్చెను. అచ్చట వేళలు లేవు. పోయి పేరు వ్రాయించుకొని వంతు వచ్చువఱకు కూర్చుండుటయే. అట్టిచోట ఒకరు రాకున్నను వైద్యునికి నష్టము లేదు, వెనుకవారు ముందునకు జరుగుదురు. నష్టమంతయు బెంచీమీదివారిది. వేళ కుదిర్చి పిలుచుచోట ఇది తలక్రిందగును. రూట్ కెనాల్ వంటి పనికి గంటసేపు కుర్చీని మనకొఱకే ఉంచుదురు. ఉపకరణములను ఆవిరిపెట్టెలో శుద్ధిచేసి పొట్లములుగా కట్టి ఉంచుదురు. సహాయకురాలికి జీతము, గదికి అద్దె, కుర్చీకొఱకు తెచ్చిన అప్పుపై వడ్డీ, ఇవి మనము వచ్చినను రాకున్నను నిలువవు. జ్వరము చూచు వైద్యుడు అయిదునిమిషములలో మఱొకరిని పిలువగలడు. దంతవైద్యుని గంట కాచిన పాలవంటిది, ఆ పూట వాడకున్న విఱిగిపోవును. రెండు పద్ధతులలోను ఎవరిదో ఒకరి కాలము పోకతప్పదు. పోయిన కాలమునకు వెల ఎవరు కట్టవలెననునదియే తగవు.

ఈ తగవు క్రొత్తది కాదు. పోతనామాత్యుని భాగవతమున నవమస్కంధములోని అంబరీషోపాఖ్యానమును చదువని యిల్లాలు మనలో అరుదు. ద్వాదశి పారణకు పిలువబడిన దుర్వాసుడు స్నానమునకని యమునకు పోయి వేళ మఱచెను. ద్వాదశి గడియలు దాటిపోవుచున్నవి. అతిథి రాక భుజించుట దోషము, వేళ దాటించుట వ్రతభంగము. అంబరీషుడు పెద్దల నడిగి, నీరుమాత్రము పుచ్చుకొనెను. వేళ తప్పినవాడు దుర్వాసుడే, కోపించినవాడును దుర్వాసుడే! నా కోపము గూడ కొంతవఱకు ఆ జాతిదేమోయని నాకు లోలోన అనిపించినమాట నిజము. అయినను ఆ రాజు చేసినది చూడుడు. తనకు కలుగబోవు నష్టమును తప్పించుకొనుటకు చాలినంత, నీటిచుక్కంత పుచ్చుకొనెను. అతిథి తిరిగి వచ్చువఱకు సంవత్సరకాలము భోజనము మాని తలుపు తెఱచియే ఉంచెను. నాకు తలుపు మూసిరి. అది నా ఫిర్యాదు.

మా ఆడబిడ్డ డల్లాసులో కాపురమున్నది. ఫోనులో ఈ కథ చెప్పగా, "నీ అయిదువందలకే ఇంత గోలా వదినా? పిల్లవాడికి జ్వరమొచ్చి నేను పోకపోతే డెబ్బై అయిదు డాలర్లు కట్టించుకున్నారు. ఇన్సూరెన్సువాళ్లు అది ఇవ్వరు కూడాను" అన్నది. అచ్చట చాలచోట్ల ఇరువదినాలుగు గంటలకో, నలువదియెనిమిది గంటలకో ముందు తెలుపనివారు జరిమానా కట్టవలెనట. ఐనను ఆ దేశమున బీదలకొఱకు ప్రభుత్వము నడుపు మెడికెయిడ్ పథకముక్రిందివారినుండి తప్పిన వేళకు సొమ్ము వసూలుచేయరాదని కేంద్రప్రభుత్వపు నియమము కలదు. దాని ఫలము తిన్నగా లేదు. బీదలు వేళ తప్పుదురను నెపమున కొందఱు దంతవైద్యులు ఆ పథకమువారిని చేర్చుకొనుటకే వెనుదీయుచున్నారు. ఇంగ్లండులో 2006లో వచ్చిన ఒడంబడిక ననుసరించి, జాతీయ ఆరోగ్యసేవక్రింద పనిచేయు దంతవైద్యులు ఇట్టి జరిమానా పుచ్చుకొనగూడదు. కాని వేళ తప్పినవారికి ఇక చికిత్స చేయజాలమని చెప్పవచ్చును. జరిమానా లేనిచోట వాకిలి మూతపడుటయు కలదన్నమాట.

జర్మనీలో జరిగిన వ్యవహారము తల్లులు వినదగినది. దంతవైద్యము కాదు, పిల్లలకు చేయు వేఱొక చికిత్స. 2020 మార్చిలో, కరోనా వ్యాపించుచున్న దినములలో, ఒక తల్లి బిడ్డకు జలుబు కనబడుటచే, రాలేమని ఆ ఉదయముననే తెలిపెను. అయినను చికిత్సాలయమువారు సొమ్మడిగిరి. వ్యవహారము ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము వఱకు పోయి, 2022 మే 12వ తేదీన తల్లి కట్టవలసినదేయని తీర్పు వచ్చెను. బిడ్డకు జలుబు చేయుట ఆమె తప్పు కాదు, చికిత్సకుని తప్పును కాదు. ఆ నష్టము ఆమె వంతున పడెను. న్యాయశాస్త్రరీత్యా సరియే కావచ్చును. ముక్కు కారుచున్న బిడ్డను చంకనెత్తుకొని ఆ తీర్పును చదువగల ధైర్యము నాకు లేదు.

మావారు చెప్పిన ముచ్చట మఱొకటి. బడిలో ఆలస్యపు జరిమానాలనుగుఱించి మాటవచ్చినప్పుడెల్ల ఆయన దీనినే చెప్పుచుందురు. ఇజ్రాయెలు దేశపు హైఫా పట్టణమున పది శిశుపాలనశాలలలో ఒక పరిశీలన జరిగెను. గ్నీజీ, రుస్తికీనీ అను ఇరువురు ఆర్థికశాస్త్రజ్ఞులు దానిని 2000లో ప్రకటించిరి. సాయంకాలము పిల్లలను తీసికొనిపోవుటకు ఆలస్యముగా వచ్చు తల్లిదండ్రులకు ఆఱు శాలలలో జరిమానా విధించిరి. ఆలస్యము తగ్గుటకు మాఱుగా ఇంచుమించు రెట్టింపయ్యెను! అంతవఱకు, "అయ్యో, పంతులమ్మ మనకొఱకు కాచుకొనియున్నది" అని పరుగెత్తి వచ్చినవారు, సొమ్ము కట్టుచున్నాము గదాయని నిదానించిరి. జరిమానా తీసివేసిన పిదపను పూర్వపు బిడియము తిరిగిరాలేదు. బిడియముతో జరుగుచున్న పనికి వెల కట్టినచో బిడియము పోయి వెల మిగులునన్నమాట. అట్లుగాక, వేళను గుర్తుచేయుచు ఫోనుకు సందేశము పంపినచో వచ్చువారి సంఖ్య పెరుగునని పలుదేశముల పరిశీలనలు చెప్పుచున్నవి.

అయితే ఆ సందేశము ఎవరి ఫోనుకు? నా కథలో ముల్లు ఇచ్చటనే యున్నది. సోదరీమణులారా, మీ పేర వ్రాసిన వైద్యపు చీటీలను ఒక్కసారి తీసి చూడుడు. పంటి పేషెంటు మీరు. నంబరు మీ వారిదో, కుమారునిదో. వేళ మార్చిరని, రేపు రమ్మని, సొమ్ము చెల్లినదని అన్నియు వారికి తెలియును. అన్నము వార్చుచున్న మీకు తెలియదు. ఆగస్టు 15, 2025 నుండి మన రాష్ట్రమున ఆడువారికి చాల బస్సులలో టిక్కెట్టు డబ్బు మిగిలినది. వంటకు, బడికి, అత్తగారి మందులకు, పాలకు నడుమ ఒక గంటను తనదని చెప్పుకొనుట ఇంకను మిగిలియున్నది. మగవాని వేళ తప్పుటకు ఎక్కువగా అతడే కారణము. ఇల్లాలి వేళ తప్పుటకు ఇంటిలో అందఱును కారణమే; జరిమానా మాత్రము ఆమె పంటిమీద పడును.

మానవులవలన కాని కారణములును కలవు. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరమువద్ద జాతీయరహదారి మునిగినప్పుడు నందిగామవైపువారు ఈవలికి రాలేకపోయిరి. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు విజయవాడలో సగము పేటలను ముంచెను. అట్టినాడు వేళ తప్పిరని సొమ్ము పట్టుకొనువారిని ఏమనవలెను?

చట్టము మాట కొంచెము తెలిసికొనుట మంచిది. 1872 నాటి ఒప్పందముల చట్టములోని 74వ సెక్షను ప్రకారము, ఒప్పందము తప్పినవారు ఇంత కట్టవలెనని ముందుగా వ్రాసికొన్నను, న్యాయస్థానము ఆ మొత్తమును మించకుండ సమంజసమైన పరిహారమునే యిప్పించును. డబ్బు పుచ్చుకొని చేయు వైద్యము వినియోగదారుల చట్టముక్రిందికి వచ్చునని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పినది. 2019 నాటి చట్టము, కలిగిన నష్టముతో పొంతన లేని జరిమానా విధించు ఒప్పందమును అన్యాయపు ఒప్పందములలో చేర్చినది. అయిదువందలకు కోర్టు మెట్లెక్కుమని నేననను. 1915 అను నంబరుకు ఫోను చేసి సలహా అడుగవచ్చును. అంతకన్న సులువు, బయానా ఇచ్చునప్పుడే అడుగుట: ఈ సొమ్ము చికిత్స ఖర్చులో చేరునా, ఎన్ని గంటలముందు తెలిపిన తిరిగి వచ్చును, ఇంటిలో ఆపద వచ్చిన ఏమి చేయుదురు? ఆ కాగితము తెలుగులో లేకున్న చదివి చెప్పుమనుట. రసీదు పుచ్చుకొనుట. అడిగినంతమాత్రమున ఎవరును కోపింపరు; నేనీమధ్య అడిగి చూచితిని.

ఏమన, మా అమ్మాయికి పిప్పిపన్ను కనబడగా వేఱొక వైద్యశాలకు తీసికొనిపోయితిని. అచ్చటను బయానా కలదు, మూడువందలు. బల్లయొద్ద కూర్చున్న పిల్లను పై ప్రశ్నలన్నియు అడిగితిని. ఒకమాఱు తప్పినచో సొమ్ము పోదు, మరునటి వేళకు జమ కట్టుదుము, రెండవమాఱు తప్పిన పోవును అని చెప్పినది. నాకది న్యాయముగానే తోచెను. మావారి నంబరు వ్రాయబోవుచుండగా ఆపి నా నంబరు వ్రాయించితిని. ఆనాడు వైద్యురాలు వచ్చుట ముప్పాతిక గంట ఆలస్యమయ్యెను. "అమ్మాయీ, దీనికి మాకేమి జమ కట్టుదువు?" అని అడుగగా ఆ పిల్ల నవ్వి, డాక్టరమ్మకు చెప్పెదనన్నది. చెప్పినదో లేదో, లోపలికి పోగానే ఆమె ఆలస్యమునకు మన్నింపుమని అడిగినది. అంతటితో నా మనస్సు చల్లబడెను.

రేపటి వేళను గుర్తుచేయుచు నిన్న సాయంకాలము నా ఫోనుకు సందేశము వచ్చినది. చేతికి చింతపండు పులుసు అంటియుండగా, మోచేతితో పైట సర్దుకొని, చదివితిని. పదిన్నరకు. అత్తగారికి తోడుగా ప్రక్కింటి పిన్నిగారిని ఇప్పుడే అడిగి వచ్చితిని.